నాలుగో కెమెరా

ప్రొద్దుటూరు బంగారు బజారులో
రాత్రి కాపలా నాది.
పదహారు గళ్ల తెర, ప్లాస్టిక్ కుర్చీ, చెంబుడు నీళ్లు.
తెరకు నోరు లేదు.
అందులో కుక్కలు మొరుగుతాయి,
మనుషులు పెదవులు కదిలిస్తారు,
ఏదీ నా దాకా రాదు.

నాలుగో గడిలో ఒకడు.
లుంగీ, చంకలో సంచి.
దించిన షట్టరు ముందు నిలబడి
చెయ్యెత్తి దానికి ఆనించి
కొంచేపుండి తీసేస్తాడు.

మొదటి రాత్రి
వెనక సందులో పీర్ల పండగకు
మంట మీద తప్పెట్లు కాపి కొడుతున్నారు.
దెబ్బ దెబ్బకూ వాని భుజాలు నక్కినాయి.
సంచిలో గడ్డపార ఉందని
చెవులు చెప్పినాయి, కండ్లు ఒప్పుకున్నాయి.
పోలీసు నంబరు మీదికి పోయిన వేలు
తప్పెట ఆగింది గనక ఆగింది.

రెండో రాత్రి ఏ చప్పుడూ లేదు.
లుంగీ, సంచి.
నాకు ఆవలింత వచ్చింది.

మూడో రాత్రి
మేడ మీద బేండుసెట్టు హుసేన్ పీరా
క్లారినెట్ బయటికి తీసినాడు.
ఆషాఢం, పెండ్లిళ్లు లేవు,
ఊదకుంటే రీడు ఎండిపోతుందంట.
అప్పగింతలప్పుడు ఊదేది
సగం ఊదడం, తప్పడం,
మళ్లా మొదటి నుంచి.

అదే చెయ్యి లేచింది.
అదే షట్టరు.
నా గొంతులో ఏదో అడ్డం పడింది.
కుదవ పెట్టిన కమ్మలను
ఇనుము మీంచే తడుముతున్నాడే పాపం, అనుకున్నా.
మా అమ్మవి ఇట్లాంటి షట్టరు వెనకే
మునిగిపోయినాయి. నాకప్పుడు తొమ్మిదేండ్లు.

పీరాకేం తెలుసు?
పైన తన ఊపిరి తాను చూసుకుంటున్నాడు.
కింద ఒక దొంగ
దొంగ కాకుండా పోయినాడు.

తెల్లారి శెట్టికి చూపించినా.
టీవీలో నేరాల వార్తలు, వాటి వెనక ఒకటే మోత.
ఆ మోతలోనే తెరకేసి చూసి
"తేడా మనిషి, కనిపెట్టుకో" అన్నాడు.
పొద్దున్నే పీరాను లేపి
ఊదమని ఎట్లా అడగను?

నాలుగో రాత్రి
కుర్చీ వదిలి మెట్లు దిగినా.

పేరు చెన్నకేశవులు.
ఎర్రగుంట్ల దారిలో నాపరాళ్ల పాలిషు పని.
సంచిలో ఖాళీ టిఫిను, దుమ్ము పట్టిన చొక్కా.
"కీళ్లు పట్టేస్తాయప్పా.
పగలంతా ఎండ తాగిన రేకు గదా,
ఈడ సగం రాత్రి దాకా వేడి ఉంటాది."

కమ్మలు లేవు. గడ్డపార లేదు.
రెండుసార్లూ తప్పు నాదే.
ఒక తప్పు నన్ను ఫోను దాకా తీసకపోయింది,
ఇంకో తప్పు మెట్లు దించింది.

నేను గూడా అరచెయ్యి ఆనించినా.
నిజమే, వెచ్చగా ఉంది.
పైన పీరా మళ్లా అదే చోట తప్పినాడు.
ఇద్దరమూ తలెత్తి చూసినాము.

రేపు నాలుగో గడిలో
శెట్టికి ఇద్దరు కనిపిస్తారు.