గీతకీ సున్నాకీ మధ్య

బటూమి పైన ఈ గుట్ట మీద
ఇవాళ కొండా లేదు, నల్లసముద్రమూ లేదు.
కమలా తోటల్నీ, పాడుబడ్డ తేయాకు మళ్ళనీ,
మా ముక్కాలి టెలిస్కోపునీ
మంచు ముసుగు తన్ని పడుకోబెట్టింది.

నిన్న ఇదే బల్ల మీంచి
పదకొండు వేల నాలుగు వందల ఆరు తేనెగద్దలు.
మీట నొక్కీ నొక్కీ బొటనవేలు వాచింది.
రాత్రి నిద్రలో కూడా
టిక్కు టిక్కుమంటూనే ఉంది చెయ్యి.

నాలుగింటికి ఫారం తీసి
తేనెగద్దకి ఎదురుగా సున్నా చుట్టాను.
ఇయామ్జె అక్క కళ్ళజోడు తుడుచుకుని చూసి
రబ్బరు నా ముందుకి తోసింది.

"సున్నా అంటే ప్రమాణం.
రోజంతా కళ్ళప్పగించి చూశాం, ఒక్కటీ రాలేదు అని.
మనం చూశామా? చూడలేకపోయాం.
గీత పెట్టు."

గీతైతేనేం, సున్నా అయితేనేం,
కనపడని పిట్ట లేనట్టే కదా అన్నాను.

"ఎక్కడో ఓ పెద్ద హాల్లో
దేశాలన్నీ కూచుని కాగితం మీద సంతకాలు పెట్టాయి,
ఫలానా ఏటికల్లా ఈ తరుగుదల ఆపుతామని.
ఆపారో లేదో చెప్పాల్సింది
వాచిన నీ వేలే.
దొంగ సున్నా ఒకటి పడిందా,
ఇరవయ్యేళ్ళకి ఎవడో దాన్ని చావనుకుని ఏడుస్తాడు.
లేదా మర్నాటి అంకె చూసి
పెరిగాయిలే అని చప్పట్లు కొడతాడు. అది ఇంకా ఘోరం."

గీత పెట్టాను.

పొద్దు వాలే వేళకి మూర్మాన్ మామ
మొక్కజొన్న రొట్టే జున్నూ మూటగట్టుకుని పైకొచ్చాడు.
ఒకప్పుడు డేగని ముంజేతి మీద నిలిపి
పూరేళ్ళని కొట్టించినవాడు.
ఎదురు గట్టు మీద పేలే తుపాకుల్లో ఒకటి ఆయనదేనని
అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.
ఆ మోతలకీ మా ఫారంలో ఓ గడి ఉంది.

మామ పెదవి మీద వేలుంచాడు.

మంచుకి పైన, ఎంత ఎత్తునో,
ప్రుర్ర్... ప్రుర్ర్...
పసిరిక పిట్టలు, గుంపు వెనక గుంపు, దక్షిణానికి.
ఒక్క ఈకా కనపడదు.

"ఎన్ని?" అంది అక్క, అలవాటు కొద్దీ.
మామ తల వంచి విని విని
"పోతున్నాయి" అన్నాడు.
ఏ గడిలో పడుతుంది ఆ మాట?

అడుగున, గమనిక అన్నచోట
తడి కాగితం మీద పెన్సిలు జారుతుంటే రాశాను:
వినబడ్డాయి. ఎన్నో తెలీదు.

ఇక మిగిలింది తుపాకి మోతల గడి.
చెవులకి మంచు అడ్డం కాదు, పొద్దుటినుంచీ వింటూనే ఉన్నాం.
మామ వంక చూశాను. తల దించుకుని రొట్టె విరుస్తున్నాడు.
సున్నా చుట్టాను.

రబ్బరు బల్ల మీదే ఉంది.
ఎవరూ తోయలేదు.