రెండో అచ్చు

ఒంగోలు నుంచి వచ్చిన కొరియర్ కుర్రాడు
అట్టపెట్టెను నిలువునా పట్టుకుని
"అక్కా, టైల్ శాంపిలా?" అన్నాడు.
చీమకుర్తికి చదరంగా, పల్చగా వచ్చేది
ఏదైనా రాయే మరి.

సుంకంతో కలిపి నాలుగు వేల ఎనిమిది వందలు.
ఫ్యాక్టరీ లెక్కలు పైసాతో సరిచూసే చేత్తోనే
ఇంటి ఖర్చుల పుస్తకంలో
"పంటి వైద్యం" అని రాసుకున్నాను.

విప్పితే
నల్లగా, నిగనిగలాడుతూ,
బంగారు చుక్కలు లేవు గాని
మా గెలాక్సీ రాయిని ఎవరో గుండ్రంగా కోసినట్టు.

పాతది ఎండకు వంగి, గిన్నెయిపోయి,
కాలేషా ఇంట్లో కోళ్ళకు నూకలు పోసి ఇరవయ్యేళ్ళు.
గ్యాంగ్‌సా మిషను బిగించటానికొచ్చిన ఇటలీ మేస్త్రీ
వెళ్ళేరోజు ఆయన చేతిలో పెట్టిన రికార్డు అది.
మేస్త్రీ పేరు ఎట్టోరే.
షెడ్డు ఈ చివర నుంచి "ఎట్టోరే!" అని కేకేస్తే
పిలిచినట్టూ ఉండేది, ఎట్టా ఉన్నావని అడిగినట్టూ ఉండేది.
ఆయన "బాగుండా" అనేవాడు.
మన భాషలో ఆయనకొచ్చిన మాట అదొక్కటే.

ఏదో సినిమా తాలూకు సంగీతం.
మాటల్లేవు, పాటల్లేవు.
ఆ సినిమా మాలో ఎవరమూ చూడలా.
ఆదివారం కరెంటున్న పూట
కాలేషా అరుగు మీద మేమే దాన్ని తీసేవాళ్ళం.
బూర మోగే చోట ఒకడు గుర్రమెక్కి పోతాడని
డ్రిల్లర్ మాలకొండయ్య.
"గుర్రం యాడిది, రామతీర్థం మెట్ట మీద
గొడ్డు తప్పిపోయింది, ఎతుకుతుండారు" అని చెంచమ్మ.
నాకప్పుడు పదకొండేళ్ళు.
నా సినిమాలో ఎప్పుడూ బడికి సెలవు.

నాలుగో ముక్క మధ్యలో ఒక గీత,
రాతిదుమ్ము చేసిన పని.
అక్కడ బూర మూడుసార్లు నత్తి కొట్టేది,
కాలేషా వేలితో ముల్లును తడితే గాని కదిలేది కాదు.
నత్తితో సహా అదే బాణీ అనుకున్నాం.
మాలకొండయ్య ఈలేస్తే నత్తితోనే.
సైరన్ విన్నాడో లేదో,
ఒక మధ్యాన్నం షాట్ పేలాక
ఆ ఈల గుంటలోంచి పైకి రాలా.

ఇప్పుడు కొత్తది తిరుగుతోంది.
పాత టేపుల్ని కడిగి, తుడిచి, మళ్ళీ అచ్చేశారట.
లోపలున్న చిన్న పుస్తకాన్ని ఫోనుతో చదివించాను.
మొదటిది: లిఫ్టులో ఇద్దరు.
మూడోది: వానలో బ్యాంకు.
నాలుగోది,
మా గుర్రం, మా తప్పిపోయిన గొడ్డు,
పంటి డాక్టరు గదిలో ఎదురుచూపట.

నవ్వాపుకోలేక పుస్తకం మూసేశాను.
చెంచమ్మకు చెప్పను.
ఆమె గొడ్డు ఆమెకు దొరకనీ.

బూర, ఆ గీత ఉండాల్సిన చోటు మీదుగా
నూనె పెట్టిన బెల్టులా జారిపోయింది.
ఇన్నేళ్ళూ గీత కింద పూడిపోయిన నాలుగు స్వరాలు
మొదటిసారి విన్నాను.
బాగున్నాయి.
ఏం చేసుకోను వాటిని?

కుర్చీలో కాలేషా
సరిగ్గా అక్కడే
నాలుకతో టక్, టక్, టక్ అన్నాడు.
గాల్లో వేలితో తట్టాడు.
ఆ తర్వాతే తలూపాడు.

ముప్పయ్యేళ్ళు రంపం పక్కన నిలబడ్డ ఆయన ఎడమ చెవి
ఎప్పుడో రాయయిపోయింది.
పాత పెట్టెకు ఒకటే నోరు.
ఇప్పుడు రెండు పెట్టెలకు పంచారు,
బూర ఇటు, తీగలు అటు.
"సగమే కోసి పంపారే" అన్నాడు,
పలకను వేలితో కొట్టి చూసినట్టు.
లేచి, కుర్చీని గోడవైపు తిప్పి,
నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.
"మళ్ళీ పెట్టమ్మా,
ఆ రెండో సగం కూడా విందాం."

బయట రోడ్డు మీద
కృష్ణపట్నం రేవుకు బ్లాకులు మోసుకుపోయే ట్రైలరు
గేరు మార్చింది.
నేల అదిరింది.
ముల్లు వణికింది గాని
ఎగరలా.