పైగీత ముందు

కువైట్, హవల్లీ, రెండో అంతస్తు.
ఏసీ కింద బకెట్‌లో చుక్క చుక్క.
పన్నెండు సెకన్ల పని నాది:
వాతావరణ వార్తలకు ముందు
కుడి నుంచి ఎడమకు ఒక మన్నుగాలి లేస్తుంది,
తగ్గేసరికి అరబ్బీలో చానెల్ పేరు మిగులుతుంది.
మూడు వారాలు రేణువు రేణువునీ తోలుకుంటూ వచ్చాను.
నా స్క్రీన్ మీద నీళ్ళలా పారింది.

వాళ్ళ దగ్గర్నుంచి మూడోసారి తిరిగొచ్చింది.

మొదటిసారి తెలుపు ఎక్కువైందన్నారు.
రెండువందల ముప్పై అయిదు దాటరాదంట,
నలుపు పదహారు కిందికి దిగరాదంట.
తెలుపుకీ అకామా ఉంటుందని
నాకు ఇక్కడికొచ్చాకే తెలిసింది.
రెండోసారి గాలి చప్పుడు.
మైనస్ ఇరవైమూడు, అంతకు మించితే తీసుకోరు.
గాలి మెడ పట్టుకుని కూర్చోబెట్టాను.
ఈసారి ఇంజనీరు బూ నాసర్
ఒక్క ముక్కే రాశాడు: వణుకుతోంది.

ఎందుకో రాత్రి రెండింటికి దొరికింది.
ఆ చానెల్‌కి బొమ్మ ఒక్కసారిగా పోదు.
బేసి గీతలు ఒక విడత, సరి గీతలు ఒక విడత,
సెకనులో యాభయ్యో వంతు తేడాతో
ఒకదాని సందుల్లో ఒకటి సర్దుకుంటాయి.
నేను కిందివి ముందు పంపాను.
రెండు, ఒకటి, నాలుగు, మూడు, ఆరు, అయిదు...
అంకెలు కొత్తగా నేర్చిన పిల్లోడిలా
నా మన్ను ముందుకీ వెనక్కీ తడబడింది.
సెట్టింగుల్లోకి పోయి ఒక్క టిక్కు మార్చాను:
పైగీత ముందు.
ఫైలు పేరు చివర నాలుగో 'ఫైనల్' తగిలించాను.

నలభై ఒక శాతం. పచ్చగీత ఎద్దులా నడుస్తోంది.

ఖైతాన్ గదిలో ఆ మంచానికి ఇద్దరం అద్దె కడతాం.
నేను తలుపు తీసేసరికి మూడున్నర.
ఓబులేసు అప్పటికే తువ్వాలు భుజాన వేసుకుని
బకెట్లు వెతుక్కుంటుంటాడు.
తెల్లారి ఆఫీసుల వాళ్ళు దిగేలోపు
ముప్పైరెండు కార్లు తుడవాలి వాడు.
దుప్పటి వాడి వేడితోనే ఉంటుంది.
వాడు పొట్టి. పరుపులో వాడు చేసిన గుంతలో
నా కాళ్ళు పట్టవు.
పోయిన నెల వాడికి జ్వరమొచ్చి లేవలేదు.
ఆ పూట నేను మెట్ల మీద కూర్చునే నిద్రపోయాను,
పనికి పోయేవాళ్ళంతా నన్ను దాటుకుంటూ పోయారు.
ఏడాదిన్నరగా ఒకే మంచం మాది.
ఇద్దరం కలిసి ఒక్క ఫోటోలో లేము.

శుక్రవారం. ఫర్వానియాలో రాయచోటి వాళ్ళ మెస్సు.
రాగిసంగటి అయిపోయింది, అన్నమే ఉందన్నారు.
పైన టీవీలో నా మన్ను లేచింది.
వణకలేదు. నున్నగా పోయింది,
పన్నెండు సెకన్లు, ఎవరూ తల ఎత్తలేదు.
ఓబులేసు ఎత్తాడు.
"రేపు మన్నుగాలి వస్తాదంటనా?"
"కాదప్పా, అది బొమ్మ. నేను చేసింది."
"వస్తే బాగుండు," అన్నాడు ముద్ద కలుపుతూ,
"బిల్డింగుకి పది కార్లు ఎక్కువ తగుల్తాయి."
కాసేపాగి మళ్ళీ టీవీ వైపే చూశాడు.
"అయినా సప్పుడే ల్యాదేందన్నా దానికి?
నిజం మన్నైతే అరుస్తాది."
మైనస్ ఇరవైమూడు, అన్నాను.
వాడికది అప్పులా వినిపించినట్టుంది,
మరేమీ అడగలేదు.