తలల లెక్క

లిలాంగ్వే నుంచి నన్ను పంపింది దెయ్యాల్ని పట్టడానికి.
నవ్వకండి. ఉత్తర్వులో ఆ మాట లేదు గానీ
ఆర్థికశాఖ వరండాల్లో అందరూ అనేది అదే:
లేని మనుషులు, ఉన్న జీతాలు.

న్కోటాకోటా వ్యవసాయ కార్యాలయం.
కిటికీలోంచి మలావీ సరస్సు, ఎండుచేపల వాసన.
బల్ల మీద వేలిముద్రల యంత్రం పెట్టి
ఒక్కొక్కరి బొటనవేలూ అడిగాను.
కొన్ని వేళ్ళు యంత్రానికి అర్థం కాలేదు,
ముప్పై ఏళ్ళు మట్టి పిసికి గీతలరిగిపోయినవి.
కడుక్కుని రమ్మన్నాను, ఇంకేం అనాలో తెలీక.

నలభై ఒకటో పేరు: లాస్టన్ కపిరా, క్షేత్ర సహాయకుడు.
గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.
రెండోసారి పిలిచాను.
గుమ్మం దగ్గర ఓ ఆవిడ లేచింది,
తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుంది.
"ఆయన తరఫున నేను" అంది ఎనిఫా.

ఆరేళ్ళ కిందట వరదలో
విత్తనాల బస్తాలు దాటిస్తుంటే పడవ తిరగబడింది.
ఆ నెలలోనే గ్రాట్యుటీకి దరఖాస్తు పెట్టింది.
దస్త్రం జిల్లాకి, జిల్లా నుంచి రాజధానికి,
మరణపత్రం నకలు లేదని వెనక్కి,
నకలు మీద ముద్ర మసకగా ఉందని మళ్ళీ వెనక్కి.
జీతం మాత్రం ఏ నెలా తప్పలేదు,
ఆపమని ఎవరూ రాయలేదు కాబట్టి.
గుమాస్తా జైలోసికి తెలుసు. పక్క బల్లకీ తెలుసు.
పిల్లలు నలుగురని కూడా తెలుసు.

"అందులో ఇతనికేమైనా ఇచ్చేదానివా?"
ఆవిడ సరస్సు వైపు చూసింది.
అది జవాబో కాదో
నివేదికలో ఏ గడిలో రాయను?

తెర మీద అతని పేరు, పక్కన చిన్న పెట్టె.
తాకితే చాలు.
అతను చనిపోయాడని ఒప్పుకోవడం
ఆరు బల్లలకి ఆరేళ్ళు చేతకాలేదు,
నా వేలికి రెప్పపాటు పట్టింది.
'ఒక జీతం ఆదా' అని యంత్రం పచ్చగా వెలిగింది.

"అయ్యా, ఇప్పుడాయన చనిపోయినట్టేనా?"
"అవునమ్మా."
"అయితే ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి."

చేత్తో రాశాను: నా పేరు, హోదా, తేదీ.
ముద్ర నా దగ్గర లేదు.
జైలోసి సొరుగు లాగాడు,
ఎండిన సిరాదిమ్మెని ఉమ్మితో తడిపాడు,
కార్యాలయం ముద్ర రెండుసార్లు, బల్ల అదిరేలా వేశాడు.
"మసకగా ఉందనకూడదు కదా" అన్నాడు, నా వైపు చూడకుండా.

నలభై రెండో పేరు పిలిచాను.