గ్లౌజు వేలు

మునవ్వర్ బీ గాజులు పొద్దున్నే నేనే తీశాను.
లక్క గాజులు, ఎడమ చేతికి తొమ్మిది, కుడికి ఎనిమిది.
ఎడమ మణికట్టు మీద, వాటి కింద,
కామెర్లు పోతాయని ఎవరో పెట్టిన వాత.
ఇంకా పచ్చిగానే ఉంది.
"ముప్పై ఏండ్లాయె లాడ్ బజార్ల రాళ్లు పొదగవట్టి,
ఒక్కటి గూడ మింగలే సిస్టరమ్మా" అంది.
నవ్వితే తెల్లగుడ్లు పసుపు నీళ్లు.

పిత్తాశయంలో ఇసుక, నాళంలో రాళ్లు.
నోట్లోంచి పంపే గొట్టం నాలుగు నెలలుగా రిపేరులో ఉంది.
పంజాగుట్ట వైపు అడిగితే వాళ్లు చెప్పిన అంకెలో
ఆమె రెండేళ్ల అద్దె ఉంది.
నిలువునా కోస్తే నెలన్నర బట్టీ ముందు కూర్చోలేదు.
తిరునగరి మేడం పైకి చూసి కిందికి చూసి
"చిల్లుల్లోంచే చేద్దాం" అంది,
మా దగ్గర అన్నీ ఉన్నట్టే.

సన్నని దుర్బిణీ కిడ్నీల వాళ్ల దగ్గర చేబదులు.
చీటీ మీద సంతకం నాదే, పన్నెండుకల్లా తిరిగివ్వాలి.
కంపెనీ వాడు ఒక్కసారికే అన్న తీగబుట్టకి
నా చేతుల్లో ఇది పదకొండో స్నానం.
నాలుగు తీగల్లో ఒకటి కాస్త వంకర,
దాని వంకర నాకు తెలుసు.
కడగడానికి పసిపిల్లల పాలగొట్టం.
రాళ్లు వేసుకునే సంచీకి
ఏడో నంబరు గ్లౌజు బొటనవేలు కోసి, మూతికి దారం కట్టాను.

బొడ్డు దగ్గర ఒక చిల్లు, పక్కటెముకల కింద మూడు.
తెర మీద కాలేయం అంచు, పసుపు కొవ్వు,
దాని వెనక ఉబ్బిన నాళం.
మేడం దానికి గోరంత గాటు పెట్టింది.
పసరు ఉరికింది.
కెమెరా పట్టుకున్న పీజీ అబ్బాయి ఏలియా
ఊపిరి కూడా అడిగి పీల్చుకుంటున్నాడు.
ఒకటి. రెండు.
మూడోది బుట్టలో పడగానే
కరెంటు పోయింది.

తెర నల్లగా.
బ్యాటరీ మీద ఊపిరి మిషను ఒక్కటే కూస్తోంది.
"ఎవరూ కదలొద్దు."
లోపల ఎక్కడో ఒక బుట్ట,
బుట్టలో ఒక రాయి,
రాయి చుట్టూ ఒక ఆడమనిషి.
గాజుగుడ్డలు లెక్కపెట్టే అలవాటున నేను క్షణాలు లెక్కపెట్టాను.
ఎనిమిది. తొమ్మిది.
మేడం ముఖం కనబడదు, మోచేయి నా భుజానికి ఆనింది,
గోడకి ఆనినట్టుంది.
పదిహేడు దగ్గర మూసీ వైపు గోడ అవతల
జనరేటరు దగ్గి, దగ్గి, అందుకుంది.

వెలుగొచ్చాక చూస్తే
రాయి ఎక్కడిదక్కడే ఉంది. బుట్ట అక్కడే.
ఏలియా కళ్లజోడు మాత్రం మసక.

అయిదు తీశాం. నాళం చివరిదాకా వెళ్లి చూశాం,
లేత గులాబీ సందు, చివర చిన్న నోరు
తెరుచుకుంటూ, మూసుకుంటూ, ఖాళీగా.
కుట్టేటప్పుడు మేడం ఎవరితోనూ మాట్లాడదు.
గ్లౌజు వేలు బొడ్డులోంచి బయటికొచ్చింది, బరువుగా.

దుర్బిణీ నలభై నిమిషాలు ఆలస్యంగా ఇచ్చాను.
కిడ్నీ వార్డు సిస్టరు నన్ను తిట్టిన తిట్లు
ఇక్కడ రాయను, న్యాయమైనవే.

మూడో రోజు మునవ్వర్ బీ మంచం మీద కూర్చుని
సీసాలోని రాళ్లు అరచేతిలో ఒంపుకుంది.
గోటితో జరుపుతూ పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు,
కిటికీకేసి పట్టి చూసింది.
"చమక్ లేదు. ఇవి దేనికీ రావు."
తర్వాత అడిగింది:
"చిమ్టాతోనే తీసిండ్రా?"
అట్లాంటిదే అన్నాను.
కరెంటు సంగతి ఎత్తలేదు.
తనే అంది, రాళ్లు సీసాలో పోస్తూ:
"మా కాడ బల్బు పోతది సూడు, లక్క ఇంక మెత్తగుండంగనే.
చిమ్టా తియ్యం, వదలం.
గట్లనే పట్టుకోని కూసుంటం."

గాజులు తెచ్చిచ్చాను.
కుడికి ఎనిమిదీ ఎక్కించుకుంది.
ఎడమ చేతికి ఒక్కటీ వేసుకోలేదు,
"గీ పుండు మాననీ."
ఆ తొమ్మిదీ నా అల్మారాలో ఉన్నాయి,
వేలు లేని గ్లౌజులో చుట్టి.