ఐదో పిల్ల

ఏప్రిల్ వచ్చిందంటే డిపోలో నాకు అప్పులు మొదలు.
డబ్బులు కావు, షిఫ్టులు.
హోరియాకి రెండు తెల్లవారుజాములు బాకీ,
లెత్తీసియాకి ఈస్టర్ ఆదివారం.
"ఎవరి కోసమే ఇదంతా?" అంటుంది లెత్తీసియా,
"నీ మేనకోడలా? నీ కడుపున పుట్టిందా?"

ఎవరూ కాదు.
నేను తిమిషోరాలో ట్రామ్ నడుపుతాను.
ఆ పిల్లది కొండల అవతల ఏదో ఊరు. పేరు సాంజియానా.
నేనొకదాన్ని ఉన్నానని దానికి తెలీదు.

మూడేళ్ళ కిందట, జూనియర్ల పోటీలో,
బెత్తెడు దుంగ మీద వెనక్కి గెంతి
తూలి
పడవలసింది పడకుండా
కాలివేళ్ళతో కర్రని కరిచి పట్టుకుంది.
ఆట ముగించి దిగాక నవ్వలేదు, ఏడవలేదు.
చాప మీద వెతికి వెతికి
జారిపోయిన తలపిన్ను ఏరుకుంది,
పళ్ళతో విప్పి, జుట్టులో గుచ్చుకుని వెళ్ళిపోయింది.
పడింది అది కాదు,
ఆ పిన్ను దగ్గర నేను పడ్డాను.

ఈసారి పెద్దల జట్టులో ఐదుగురు.
ఫైనల్లో ఒక్కో పరికరం మీదికి ముగ్గురే ఎక్కాలి.
ఐదులోంచి మూడు తీసేస్తే రెండు.
ఏ పరికరం దగ్గర తీసేసినా
ఆ రెండులో ఒకటి సాంజియానా.

డిపో టీవీకి ఆకుపచ్చ సరిగ్గా రాదు.
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ
హోరియా నా పక్కన కూర్చున్నాడు,
ఫుట్‌బాల్ తప్ప ఏమీ ఎరగని మనిషి.
"ఇప్పుడది గోలేనా మినొదోరా?"
"నోర్ముయ్యి. అడుగు పక్కకి పడింది. పదో వంతు పోయింది."
"అంత చిన్న అడుగుకా!"
"అంత చిన్న అడుగుకే."

అందరూ బార్ల మీది పిల్లని చూస్తారు.
నేను కళ్ళలో వత్తులేసుకుని
తెర మూల చూస్తాను, సుద్దపొడి గిన్నె పక్కన.
అక్కడ ఒకరి జాకెట్టు భుజాన, ఒకరి నీళ్ళసీసా చంకలో,
పెదాలు కదుపుతూ ఒకర్తి.
పైన పిల్ల గాలిలో మెలి తిరిగినప్పుడల్లా
నిలబడ్డ చోటే దాని ఎడమ భుజం
ఆవగింజంత తిరుగుతుంది.
నాకు తెలుసు అదేమిటో.
సెలవు రోజు ట్రామెక్కి కిటికీ పక్కన కూర్చున్నా
వంతెన మలుపు దగ్గర నా కాలు
అక్కడ లేని బ్రేకుని తొక్కుతుంది.

దుంగ వంతు రాబోతుండగా
రుక్సాంద్రా కుంటింది.
రెండడుగులు. మూడు. కోచ్ మోకాళ్ళ మీద కూచున్నాడు.

చెప్పకూడదు గానీ చెబుతాను.
నా లోపల ఏదో చప్పట్లు కొట్టింది.
ఊరికే బెణికితే చాలు, విరగక్కర్లేదు,
పది రోజుల్లో తగ్గిపోయేంత,
అని బేరం కూడా ఆడాను, ఎవరితోనో.
హోరియా గింజలు నమలడం ఆపాడు.

అప్పుడు కెమెరా మొదటిసారి సాంజియానాని దగ్గరగా చూపించింది.
నేల మీద చతికిలబడి
రుక్సాంద్రా పాదం తన ఒళ్ళో పెట్టుకుని
తెల్లటి పట్టీ చుడుతోంది.
చుట్టి, లాగి, చుట్టి,
పళ్ళతో తెంచింది.
అవే పళ్ళు.
తర్వాత ఆ మడమ మీద చిన్నగా ఒక దెబ్బ వేసింది, వెళ్ళమన్నట్టు.

రుక్సాంద్రా ఎక్కింది. నిలబడింది.
నేను లేచి వెళ్ళి
కడిగిన కప్పే మళ్ళీ కడిగాను.

నాలుగో స్థానం. రెండు పదో వంతుల్లో పోయింది కంచు.
కెమెరా గెలిచినవాళ్ళ దగ్గరికి పరిగెత్తింది.
మన వాళ్ళ బల్ల మీద ఎవరో మరిచిన జాకెట్టు,
దాన్ని తీసి మడత పెడుతున్న రెండు చేతులు,
అంతే, ప్రకటన వచ్చేసింది.

మర్నాడు నాలుగూ నలభైకి హోరియా బాకీ తీర్చాను.
వాన వెలిసి పట్టాలు జారుతున్నాయి.
స్టేషను దిగువన మీట నొక్కితే
చక్రాల కింద గుప్పెడు ఇసుక రాలింది,
బండి పట్టుకుంది.
వెనక ఎవరూ కళ్ళు తెరవలేదు.

అక్టోబరులో ప్రపంచ పోటీలు.
జట్టు పేర్లు ఇంకా చెప్పలేదు.
లెత్తీసియా తిట్టుకుంటూ క్యాలెండరు తీసింది.