పిట్ట ముట్టని పటం

షార్జా మ్యూజియం వెనకాల, లారీలు ఆగే కాడ
పెట్టె దించినం నేనూ శఫీకూ.
పన్నెండు స్క్రూలు. వరుస తప్పొద్దు.
ఇరవై ఒక్క డిగ్రీల చల్లదనంల
ఒక పగలూ ఒక రాత్రీ పండబెట్టినంకనే మూత తియ్యాలె.
పటం ఇక్కడి గాలికి అలవాటు పడాలంట.

లోపల బొగ్గునీలం నీళ్లు.
తెడ్డు లేని పడవ.
పడవల తెల్లబట్ట చుట్టిన మనిషి.
తలాపున ఒక ఆడామె, రెక్కలున్నయి,
దీపాన్ని అరచేత మూసి
వేళ్ల సందుల నుంచి పచ్చటి వెలుగు కారనిస్తున్నది.
కాళ్ల కాడ గిన్నె. గిన్నె అంచున పిట్ట.

రీమా మేడం గ్లవ్సులు తొడుక్కుంటూ చెప్పింది:
ఆమె చావు. తల్లి లెక్క లేదూ?
నూరేళ్ల కింద ఆ దేశాల్లో అట్ల గీసేటోళ్లు.
పిట్ట అంటే ఆత్మ.
ఆత్మ కాదు మేడం, అనబోయి
గోడ మీద పెన్సిల్ గీత గీసిన.

నాకు పెట్టెలు కొత్త కాదు.
రెండేళ్లు కార్గోల చేసిన.
అదే ప్లైవుడ్డు, అవే స్క్రూలు.
ఎలిగేటి రాజలింగం పెట్టె మీద
'తల ఇటు' అని మార్కర్‌తోని నేనే రాసిన, తెలుగుల.
హైదరాబాద్‌ల ఎత్తేటోడు చదువుకుంటడని.

మా రూముల పై మంచం ఆయనది.
గురువారం తెల్లారి లేవలే.
ఆయన చావుకు రెక్కల్లేవు.
టైపింగ్ సెంటర్ల కూసున్నది,
మూడు కాపీలు అడిగింది,
కంపెనీ ముద్ర సక్కగ పడలేదని తిప్పి పంపింది.
ఇరవై మూడు రోజులు
మార్చురీ సొరుగుల ఆయన గూడ అలవాటు పడ్డడు,
దేనికో.

మూడోనాడు పిట్టకు పెట్టాలె గదా.
ఏనాటి నుంచి మూడు?
కన్ను మూసిననాడా, కాగితం వచ్చిననాడా,
పెట్టె ఊరు చేరిననాడా?
మనం చూసిననాటి నుంచే లెక్క, అన్నడు గంగన్న.

క్యాంపు డాబా మీద, ఏసీ డబ్బాల నడుమ
విస్తరి దొరకక సిల్వర్ కాగితంల
బగారన్నం, కోడికూర, ఆయన తాగే సిగరెట్టు ఒకటి.
మైనాలు వచ్చి తీగ మీద కూసున్నయి.
ఒక్కటీ దిగలే.
ఏం మనాది లింగన్నా?
స్లాబు అప్పా? చూస్తం.
బిడ్డ ఫీజా? కడ్తం.
శఫీకుకు మా మాట రాదు.
జేబుల నుంచి నలభై దిర్హాములు తీసి
అన్నం పక్కన పెట్టి, ఎగరకుండ రాయి పెట్టిండు.
ఎప్పుడో తీసుకున్నవంట.

అప్పుడు దిగింది ఒకటి.
సిగరెట్టు ముక్కున కరుచుకొని పోయింది.
అన్నం ముట్టలే.
ముట్టినట్టా, కానట్టా?
ముట్టినట్టే, అన్నడు గంగన్న.
కింద డ్యూటీ బస్సు హారన్ కొట్టింది.

ఇప్పుడు సిరిసిల్లల గోడకు రాజలింగం గూడ పటమే.
మేకు ఎవరు కొట్టిండ్రో, లెవల్ చూడలే,
వీడియో కాల్ల జరంత ఎడమకు ఒరిగి కనిపించిండు.

ఇక్కడ మాత్రం బుడగ నడుమకొచ్చే దాక
శఫీకు కిందినుంచి, నేను మీదినుంచి
ఎవరిదో తెల్వని పీనుగను సరిచేసినం.

మేడం, ఆ గిన్నెల ఏం పెట్టిండ్రు?
ఆమె అద్దాలు నెత్తి మీదికి జరిపి
మొదటిసారి దగ్గరికి వంగింది.